అణు చెత్తకు చోటిచ్చిన ఊరు: కార్ల్స్‌బాడ్ గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

అణు విద్యుత్తు మాట వచ్చినప్పుడల్లా చివరికి చర్చ ఒక్కచోటే ఆగుతుంది: సరే, ఆ చెత్త ఎక్కడ పెడతారు? ఎవరూ వద్దనే ఆ చెత్తను రమ్మని పిలిచి, పాతికేళ్ళుగా భూగర్భంలో దాచుకుంటున్న ఊరు ఒకటుంది. దాని గురించి జనం అడిగే ప్రశ్నలు, నాకు తెలిసినంతలో జవాబులు ఇవి.

ఈ కార్ల్స్‌బాడ్ ఎక్కడుంది?

అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో, ఆగ్నేయ మూల, పెకోస్ నది ఒడ్డున. కాలిఫోర్నియాలో ఇదే పేరుతో సముద్రపు ఒడ్డున ఇంకో ఊరుంది, అది కాదు. డాలస్, హ్యూస్టన్‌లలో ఉండే మనవాళ్ళు సెలవులు కలిసొస్తే పిల్లల్ని తీసుకుని గుహలు చూడటానికి వెళ్ళే కార్ల్స్‌బాడ్ ఇదే. చుట్టూ ఎడారి, ముళ్ళ పొదలు, చమురు బావులు. ఊరికి తూర్పున 42 కిలోమీటర్ల దూరంలో, నేలకు 655 మీటర్ల కింద, ఉప్పు పొరలో తవ్విన గదుల్లో అణు వ్యర్థాలు పెడుతున్నారు. ఆ కేంద్రం పేరు వేస్ట్ ఐసొలేషన్ పైలట్ ప్లాంట్. అందరూ ‘విప్’ అంటారు. మన అసెంబ్లీ విప్‌తో దీనికేం సంబంధం లేదు.

చెత్త కోసం చెయ్యి చాచేంతగా చితికిపోయిందా ఆ ఊరు?

అరవైలలో చితికిపోయింది. ఆ కథ తెలియకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

1925లో అక్కడ చమురు కోసం బోరు వేస్తే పొటాష్ తగిలింది. 1931 నుంచి గని పని మొదలైంది. పొటాష్ అంటే మరేదో కాదు, మన రైతులు వరికీ అరటికీ వేసే ఎంఓపీ బస్తాలో ఉండేదే. కొన్ని దశాబ్దాల పాటు అమెరికా మొత్తం పొటాష్‌లో సింహభాగం ఈ ఒక్క ప్రాంతమే తవ్వింది. ఊరికి జీతం, బడికి పన్ను, చర్చికి చందా అన్నీ గని నుంచే.

ఆ తర్వాత కెనడాలోని సస్కాచెవాన్‌లో ఇంతకంటే మంచి పొటాష్ బయటపడింది. అరవైల మొదట్లో అక్కడ పెద్ద గనులు తెరుచుకున్నాయి. పొర మందం, నాణ్యత ఎక్కువ, ఖర్చు తక్కువ. ధర పడిపోయింది. కార్ల్స్‌బాడ్‌లో గనులు ఒక్కొక్కటే మూతపడటం, షిఫ్టులు తగ్గించడం మొదలైంది. 1960 జనాభా లెక్కల్లో 25,541 మంది ఉన్న ఊరు 1970కి 21,297కి దిగిపోయింది. ఆరుగురిలో ఒకరు మూటాముల్లె సర్దుకున్నారన్నమాట. వెళ్ళినవాళ్ళు ఎవరై ఉంటారు? పనిచెయ్యగల వయసులో ఉన్నవాళ్ళు, బడికి వెళ్ళే పిల్లలున్నవాళ్ళు. అనంతపురం నుంచో పాలమూరు నుంచో వలస బస్సులు ఎక్కే జనాన్ని చూసినవాళ్ళకి ఈ లెక్క విడమర్చి చెప్పనక్కర్లేదు.

నేడు మనం దాదాపు పూర్తిగా దిగుమతి చేసుకునే పొటాష్‌లో కెనడాది కూడా ఉంటుంది. కార్ల్స్‌బాడ్‌ను ముంచిన గనుల సరుకు మన చేలదాకా వస్తోంది.

సరే, కానీ అణు వ్యర్థాలు ఇవ్వండి అని ఎవరైనా అడుగుతారా?

అడిగారు. అది ఎలా జరిగిందంటే, అప్పటి అమెరికా అణుశక్తి సంఘం ఈ వ్యర్థాల కోసం ముందు కాన్సాస్ రాష్ట్రంలోని లయన్స్ అనే చోట పాత ఉప్పు గనిని ఎంచుకుంది. 1970లో ప్రకటించింది కూడా. తీరా చూస్తే ఆ చుట్టుపక్కల నేలంతా పాత చమురు, గ్యాస్ బోరు రంధ్రాలతో జల్లెడలా ఉంది. పక్క గనిలోకి పంపిన నీళ్ళు ఎటు పోయాయో లెక్క తేలలేదు. రాష్ట్రం గొడవ చేసింది. 1972కల్లా ఆ పథకం అటకెక్కింది.

సరిగ్గా అప్పుడే కార్ల్స్‌బాడ్ పెద్దలు ముందుకొచ్చారు. రాష్ట్ర సెనేటర్ జో గాంట్, ఊళ్ళో వ్యాపారులు, నగర నాయకులు కలిసి మా దగ్గర ఉప్పు ఉంది, గని పని తెలిసినవాళ్ళు ఖాళీగా ఉన్నారు, రండి అన్నారు. నేననేది ఇక్కడొకటుంది. ‘కావాలని పిలిచారు’ అని అందరూ చెప్పుకుంటారు, అది నిజమే. కానీ గనులు నిండుగా నడుస్తున్న 1955లో అడిగి ఉంటే ఇదే జవాబు వచ్చేదా? పిలుపు నిజమైనదే, పిలిచిన వేళ మాత్రం పస్తుల వేళ.

భయం తక్కువగా ఉండటానికి ఇంకో కారణం కూడా చెప్పుకోవాలి. 1961 డిసెంబర్ 10న ఈ ఊరికి దగ్గర్లోనే ఉప్పు పొరలో ఒక అణు బాంబును పేల్చి చూశారు. ‘నోమ్’ అని దానికి పేరు. అణు పేలుడును శాంతియుత పనులకు వాడవచ్చేమోనన్న ప్రయోగాల వరసలో అది మొదటిది. మూసి ఉంచాల్సిన రేడియోధార్మిక ఆవిరి కాస్తా బయటికి తన్నుకొచ్చింది. అలాంటిదాన్ని చూసిన ఊరికి ‘అణు’ అన్న మాట కొత్త కాదు.

ఉప్పులోనే ఎందుకు పెడతారు?

రెండు కారణాలు. మొదటిది, ఉప్పు పొర అక్కడ ఉందంటే నీళ్ళు దాన్ని ముట్టలేదనే అర్థం, ముట్టి ఉంటే ఎప్పుడో కరిగిపోయేది. ఈ పొర వయసు సుమారు 25 కోట్ల ఏళ్ళు. రెండోది, లోతులో ఉన్న ఉప్పు రాయిలా కదలకుండా ఉండదు. పై బరువుకి మెల్లగా పాకుతుంది. తవ్విన గది గోడలు ఏడాదికేడాది దగ్గరకు జరుగుతాయి, కప్పు కిందికి వంగుతుంది. వదిలేస్తే కొన్ని దశాబ్దాలకు ఆ గది డ్రమ్ములతో సహా మూసుకుపోతుంది. మామూలు గనిలో ఇది శాపం, ఇక్కడ అదే వరం.

పొటాష్ గనుల్లో పనిచేసినవాళ్ళకి ఈ పాకే ఉప్పు గుణం వేలి కొసల్లో ఉంది. కప్పుకి ఎక్కడ బోల్టు బిగించాలో, ఏ పగులు చూసి బయటికి నడవాలో వాళ్ళకు పుస్తకం చెప్పనక్కర్లేదు. ఊరి పాత విద్య కొత్త పనికి పనికొచ్చింది. ఇలా కలిసిరావడం చాలా అరుదు.

అక్కడ పెట్టేది అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనమా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. విప్‌లో పెట్టేది అణ్వాయుధాల తయారీలో మిగిలిన చెత్త: ప్లుటోనియం అంటిన చేతి తొడుగులు, గుడ్డలు, పనిముట్లు, మట్టి, బురద. వీటిని ట్రాన్స్‌యురానిక్ వ్యర్థాలంటారు, అంటే యురేనియం కంటే బరువైన మూలకాలు అంటినవి. వీటిలో ఎక్కువ భాగం వేడి పుట్టించవు, డ్రమ్ము పక్కన మనిషి నిలబడి పనిచెయ్యొచ్చు. లోపలికి పీలిస్తే మాత్రం ప్రమాదం. ప్లుటోనియం-239 సగానికి తగ్గాలంటే 24,000 ఏళ్ళు పడుతుంది.

వాడేసిన ఇంధనం, అత్యధిక రేడియోధార్మిక వ్యర్థాలు ఇక్కడికి తేకూడదని 1992 చట్టమే నిషేధించింది. ఎంత పరిమాణం దాకా పెట్టొచ్చో కూడా అందులోనే రాశారు: 62 లక్షల ఘనపుటడుగులు. ఈ గీత ఎంత ముఖ్యమో కింద హోల్టెక్ గొడవలో తెలుస్తుంది.

ఊరే రమ్మంటే పాతికేళ్ళు ఎందుకు పట్టింది?

ఊరు ఒప్పుకున్నా రాష్ట్రం ఒప్పుకోవాలి కదా. 1975లో మొదట ఎంచుకున్న చోట బోరు వేస్తే లోతులో ఒత్తిడి మీదున్న ఉప్పునీటి గుంట తగిలింది, దాంతో స్థలమే మార్చారు. 1979లో కాంగ్రెస్, అంటే అమెరికా పార్లమెంటు, అనుమతిచ్చింది. 1980లో అధ్యక్షుడు కార్టర్ రద్దు చేద్దామన్నారు, కాంగ్రెస్ వినలేదు. 1981లో రాష్ట్ర అటార్నీ జనరల్ కోర్టుకెళ్ళారు. ఆ దావా వల్లే కేంద్రం రాష్ట్రాన్ని సంప్రదించక తప్పని ఒప్పందం కుదిరింది. తర్వాత 1992 చట్టం, 1998లో పర్యావరణ సంస్థ ధ్రువీకరణ. ఆ మధ్యలో గదులు తవ్వి, వాడకుండా ఏళ్ళ తరబడి ఉంచారు. పాకే ఉప్పు వాటిని మూసేస్తుంటే మళ్ళీ చెక్కుకుంటూ కూర్చున్నారు.

చివరికి 1999 మార్చి 26 తెల్లవారుజామున, అణ్వాయుధాల ప్రయోగశాల ఉన్న లాస్ అలమోస్ నుంచి మొదటి లారీ వచ్చింది. ఊళ్ళో జనం నిద్ర మానుకుని ఎదురెళ్ళి చప్పట్లు కొట్టారు.

ఊరికి ఎంత డబ్బు వస్తుంది?

ఇక్కడ కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే ‘డబ్బు’ అన్నప్పుడు మన మనసులో మెదిలేది నష్టపరిహారం చెక్కు. కార్ల్స్‌బాడ్‌కు వచ్చింది ప్రధానంగా అది కాదు, జీతాలు.

విప్ ఏడాది బడ్జెట్ ఇటీవల 40 కోట్ల డాలర్లు దాటింది. వెయ్యిమందికి పైగా పనిచేస్తారు. గని కార్మికులు, ఎలక్ట్రీషియన్లు, వెల్డర్లు, రేడియేషన్ కొలిచేవాళ్ళు, డ్రమ్ములు దించేవాళ్ళు, ఇంజినీర్లు, ఆఫీసు పనివాళ్ళు. పాతికముప్ఫై వేల మంది ఉన్న ఊరికి ఇది చిన్న సంఖ్య కాదు. పైగా ఇవి పొటాష్ ధరలా పొద్దుటికొకటి సాయంత్రానికొకటి కావు. జీతమిచ్చేది కేంద్ర ఖజానా. కెనడాలో ఏ గని తెరిచినా మూసినా ఆ జీతం ఆగదు.

రెండో పాయ పన్నులు. కేంద్ర ప్రభుత్వ భూమి మీద ఆస్తి పన్ను వెయ్యలేరు. కానీ విప్‌ను నడిపే కాంట్రాక్టు సంస్థ తన ఆదాయం మీద రాష్ట్రానికి పన్ను కడుతుంది. మూడోది రోడ్లు. వ్యర్థాల లారీలు తిరిగే దారుల కోసమని 1992 చట్టం న్యూ మెక్సికోకు ఏడాదికి 2 కోట్ల డాలర్ల చొప్పున పదేళ్ళకు పైగా సాయానికి వీలు కల్పించింది. నాలుగు వరసల హైవేలు, బైపాస్‌లు అలా వచ్చాయి. రోడ్డు వేసుకున్నాక దాని మీద చెత్త లారీ ఒక్కటే నడవదు కదా, పాల ట్యాంకరూ నడుస్తుంది, స్కూలు బస్సూ నడుస్తుంది.

నా మటుకు నాకు ఈ మొత్తంలో గట్టి భాగం జీతాలే. పరిహారం పంచుకుని తినేస్తారు. జీతానికి మాత్రం మనిషి ఊళ్ళోనే ఉండాలి, పిల్లాణ్ణి అక్కడి బడికే పంపాలి.

ఆ ఉద్యోగాలు ఊరివాళ్ళకే దక్కాయా?

కింది, మధ్య స్థాయిలో చాలావరకు దక్కాయి. పై స్థాయి మేనేజర్లు, శాస్త్రవేత్తలు బయటినుంచి వచ్చారు. కాంట్రాక్టు చేతులు మారినప్పుడల్లా పై బోర్డు మారుతుంది, కింద బోల్టు బిగించేవాడు వాడే.

ఇళ్ళ ధరలు పడిపోలేదా?

లేదు. ఇప్పుడక్కడ ఏడుపంతా అద్దెలు ఎక్కువైపోయాయని. దానికి కారణం అణు వ్యర్థాలు కాదు, చమురు. ఆ సంగతి కిందికి వస్తుంది.

2014లో ఏదో పేలిందట కదా, పిల్లుల మట్టి వల్లనా?

నవ్వులాటగా వినిపిస్తుంది, జరిగింది అదే. అమెరికాలో ఇళ్ళల్లో పిల్లి మలమూత్రాలకు ఒక పెట్టెలో పొడి పోస్తారు. ఆ పొడికి తడి పీల్చుకునే గుణం ఉంది కాబట్టి లాస్ అలమోస్‌లో ద్రవ వ్యర్థాలను గడ్డకట్టించడానికి వాడేవారు. వాడాల్సింది బంకమన్ను రకం. ఒక దశలో గోధుమతో చేసిన సేంద్రియ రకం వాడారు. నైట్రేట్ లవణాలకు సేంద్రియ పదార్థం తోడైతే మందుగుండుకి దగ్గరి చుట్టమే. అలాంటి డ్రమ్ము ఒకటి విప్‌కు చేరి, 2014 ఫిబ్రవరి 14 రాత్రి భూగర్భంలో వేడెక్కి పగిలింది. అంతకు తొమ్మిది రోజుల ముందే అదే గనిలో ఉప్పు మోసే లారీ ఒకటి తగలబడింది.

డ్రమ్ము పగిలినప్పుడు గాలి వడపోతల పక్కగా కొంచెం రేడియోధార్మికత పైకి వచ్చింది. 20 మందికి పైగా ఉద్యోగుల ఒంట్లో తక్కువ మోతాదులో దాని జాడ కనిపించింది. కేంద్రం దాదాపు మూడేళ్ళు మూతపడింది. 2017లో మళ్ళీ తెరిచారు. న్యూ మెక్సికో రాష్ట్రం జరిమానాలు విధిస్తే, చివరికి కేంద్ర ఇంధన శాఖ 7 కోట్ల డాలర్లకు పైగా విలువైన పనులకు ఒప్పుకుని రాజీ పడింది. అందులో పెద్ద వాటా మళ్ళీ రోడ్లకే వెళ్ళింది.

ఇక్కడ గమనించాల్సింది, తప్పు జరిగింది ఊళ్ళో కాదు. వందల కిలోమీటర్ల అవతల ప్రయోగశాలలో ఎవరో పొడి రకం మార్చారు. చెత్త పంపేవాడి చేతిలో ఉన్న తప్పును చెత్త తీసుకునేవాడు ఎలా పట్టుకోవాలి? సీలు వేసి వచ్చిన డ్రమ్మును నమ్మడం తప్ప దారి లేదు. ఈ వ్యాపారంలో ఊరు మోసే అసలు రిస్కు ఇదే అని నాకనిపిస్తుంది.

ఆ తర్వాతైనా ఊరు ఎదురు తిరగలేదా?

పెద్దగా లేదు. మేయరు, వ్యాపార సంఘాలు త్వరగా తెరవండి అనే అడిగారు. దీన్ని డబ్బాశ అని తీసిపారేస్తే పొరపాటు. ఊళ్ళో న్యూ మెక్సికో స్టేట్ యూనివర్సిటీ నడిపే ఒక పరిశోధనా కేంద్రం ఉంది. వ్యర్థాలు రాకముందే, తొంభైలలోనే గాలి, నీరు, మట్టి కొలతలు తీసి దగ్గర పెట్టుకుంది. ముందెంత, తర్వాతెంత అని పోల్చడానికి. ‘పడుకోండి, లెక్కించుకోండి’ అనే అర్థమొచ్చే పేరుతో ఒక కార్యక్రమం కూడా పెట్టారు. చుట్టుపక్కల ఉన్న మామూలు జనం వెళ్ళి ఒక మంచం మీద పడుకుంటే ఒంట్లో రేడియోధార్మికత ఎంతుందో ఉచితంగా కొలుస్తారు. డ్రమ్ము పగిలిన రాత్రి గాలిలో ఏముందో చెప్పింది విప్ ఒక్కటే కాదు, ఈ విడి కొలతలు కూడా. ‘మాటలు చెప్పకు, మీటరు చూపించు’ అనే జనానికి అది చాలా విలువైనది.

ఆ ఊరికి అసలైన టెన్షన్ తెప్పించిన గొయ్యి వేరే ఉంది. చమురు బావులకు ఉప్పునీళ్ళు అమ్మే ఒక సంస్థ ఊరి దక్షిణాన, రెండు హైవేలు కలిసేచోట, నేల కింద ఉప్పును కరిగించి కరిగించి పెద్ద డొల్ల చేసింది. 2008లో వేరేచోట్ల అలాంటివి రెండు కూలిపోయేసరికి ఇది ఎప్పుడు కూలుతుందోనని జనం బిక్కుబిక్కుమన్నారు. దాన్ని పూడ్చడానికి కోట్ల డాలర్ల ప్రజాధనం పోసి ఏళ్ళు కష్టపడ్డారు. అణు గొయ్యి మీద లక్ష నిబంధనలున్నాయి, ఈ మామూలు ఉప్పు గొయ్యిని అడిగినవాడు లేడు.

ఇప్పుడు ఊరిని నడిపేది విప్పేనా?

కాదు, చమురు. 2010 తర్వాత, ఈ ఊరు కూడా ఉన్న పెర్మియన్ బేసిన్ అనే చమురు ప్రాంతంలో షేల్ చమురు, అంటే రాతి పొరల్ని పగలగొట్టి తీసే చమురు, విజృంభించింది. న్యూ మెక్సికో దేశంలో టెక్సస్ తర్వాత రెండో పెద్ద చమురు రాష్ట్రమైంది, అందులో ఎక్కువ ఈ మూల జిల్లాల నుంచే. 2010లో 26,138గా ఉన్న ఊరి జనాభా 2020కి 32,238 అయ్యింది. ఇళ్ళు చాలక పనివాళ్ళు ట్రెయిలర్లలో, తాత్కాలిక క్యాంపుల్లో ఉంటున్నారు. చమురు జీతాల ముందు టీచరు జీతం, నర్సు జీతం వెలవెలబోయాయి.

విప్‌కు హద్దుగా కేటాయించిన 16 చదరపు మైళ్ళ చతురస్రం చుట్టూ ఇప్పుడు చమురు బావులే. కాన్సాస్‌ను వద్దనుకున్నదే బోరు రంధ్రాల వల్ల కదా అని విమర్శకులు గుర్తుచేస్తుంటారు. ఆ ప్రశ్నకు పదును ఉంది.

హోల్టెక్ గొడవ ఏమిటి? ఒకటి తీసుకున్నవాళ్ళు రెండోది ఎందుకు కాదన్నారు?

ఎడ్డీ, లీ జిల్లాలు, కార్ల్స్‌బాడ్, హాబ్స్ నగరాలు కలిసి 2006లో ఒక కూటమిగా ఏర్పడి ఎడారిలో 1,000 ఎకరాలు కొన్నాయి. ఆ భూమిలో దేశం నలుమూలల అణు విద్యుత్ కేంద్రాల్లో వాడేసిన ఇంధనాన్ని తాత్కాలికంగా ఉంచుతామని హోల్టెక్ అనే సంస్థ వచ్చింది. 2017లో లైసెన్సుకు దరఖాస్తు చేసింది. స్థానిక నాయకులు సై అన్నారు.

ఈసారి రాష్ట్రం గట్టిగా కాదంది. గవర్నర్ మిషెల్ లుహాన్ గ్రిషమ్ దీన్ని ఆర్థిక వ్యవస్థకు చేసే తప్పుడు వైద్యంతో పోల్చారు. ఏదైనా ఒక్క ప్రమాదం జరిగితే చమురు, పాడి, పంటలు అన్నీ దెబ్బతింటాయని ఆమె వాదన. ఇంకో భయం కూడా ఉంది. శాశ్వత గొయ్యి నెవాడాలోని యక్కా మౌంటెన్‌లో కడతామన్నారు, అది ఆగిపోయింది. శాశ్వతానిదే దిక్కు లేనప్పుడు ‘తాత్కాలికం’ ఎన్నేళ్ళు? ఒకరోజుకని వచ్చి అరుగు మీదే సంసారం పెట్టే చుట్టాన్ని మనం చూడలేదా?

2023 మార్చిలో రాష్ట్రం తన అనుమతి లేకుండా ఇలాంటివి కట్టకూడదని చట్టం చేసింది. అదే ఏడాది మేలో కేంద్ర అణు నియంత్రణ సంస్థ లైసెన్సు ఇచ్చింది. కేసులు సుప్రీంకోర్టు దాకా వెళ్ళాయి. 2025 జూన్‌లో టెక్సస్‌కు సంబంధించిన ఇలాంటి కేసులో కోర్టు నియంత్రణ సంస్థకు అనుకూలంగా తీర్పు చెప్పింది. అంతా అయ్యాక, 2025లోనే హోల్టెక్ న్యూ మెక్సికో నుంచి తప్పుకుంది. కోర్టులో గెలవడం వేరు, ఊరేలేవాడు వద్దన్నచోట కాపురం పెట్టడం వేరు.

అరవైలలో పస్తులున్న ప్రాంతానికి ఇప్పుడు చమురు అన్నం పెడుతోంది. కాదనే శక్తి అక్కణ్ణుంచి వచ్చింది.

ఒప్పుకున్నది ఊరా, రాష్ట్రమా, దారి పొడవునా ఉన్నవాళ్ళా?

జీతాలు కార్ల్స్‌బాడ్‌కి, లారీలు మాత్రం అందరి ఇళ్ళ ముందుగా. ఉత్తరాన సాంటా ఫేలో నిరసన ఎక్కువగా ఉండేది, ఎందుకంటే లాస్ అలమోస్ లారీలు వాళ్ళ ఊరి మీదుగా వెళ్ళాలి. చివరికి ఊరు తగలకుండా బైపాస్ వేశాకే ఆ గొడవ సర్దుమణిగింది. దక్షిణ కెరొలైనాలోని సవన్నా రివర్ అణు కేంద్రం నుంచి వచ్చే లారీలు ఐ-20 హైవే పట్టుకుని డాలస్ ప్రాంతం మీదుగా పోతాయి. అక్కడున్న మనవాళ్ళలో ఎంతమందికి ఈ సంగతి తెలుసో!

వేరే దేశాల్లో ఎలా చేస్తున్నారు?

ఫిన్లాండ్‌లో యూరాయోకి అనే చిన్న మున్సిపాలిటీ 2000లో 20–7 ఓట్లతో ఒప్పుకుంది, మరుసటి ఏడాది పార్లమెంటు 159–3తో ఆమోదించింది. అక్కడ అప్పటికే రియాక్టర్లు ఉన్నాయి, ఆస్తి పన్ను దండిగా వస్తోంది. చెత్త వాళ్ళ ఊళ్ళో పుట్టిందే.

జపాన్ దారి దీనికి పూర్తిగా వేరు. హొక్కైడోలో సుట్సు అనే జాలరి ఊరుంది, 3,000 మంది కూడా లేరు, ఉన్నవాళ్ళలో ముసలివాళ్ళే ఎక్కువ. గొయ్యి కట్టడం కాదు కదా, కాగితాల మీద సర్వే చెయ్యనిస్తేనే 200 కోట్ల యెన్‌ల దాకా గ్రాంటు ఇస్తామంది ప్రభుత్వం. 2020లో మేయరు కతఓకా సరేనన్నారు. ఆయన ఇంటి మీద పెట్రోలు సీసా విసిరారు. 2021 ఎన్నికలో 1,135–900 ఓట్లతో మళ్ళీ గెలిచారు, కానీ పొరుగింటివాళ్ళు ఒకరినొకరు పలకరించుకోవడం మానేశారు. అక్కడి గవర్నర్ సుజుకి దీన్ని వ్యతిరేకించారు. అంతకుముందు ఆయన బొగ్గు గనులు పోయి దివాలా తీసిన యూబరి అనే ఊరికి మేయరు. దివాలా ఊరి కష్టం ఎరిగిన మనిషే వద్దన్నాడు.

నాకు సుట్సు పద్ధతి నచ్చదు. ప్రశ్న అడగడానికే డబ్బిస్తే, జవాబు ఎప్పటికీ నిజం కాదు.

మన దేశంలో ఇలాంటిది రాబోతోందా?

మన దగ్గర వాడేసిన ఇంధనాన్ని శుద్ధి చేసి మళ్ళీ వాడుకునే విధానం ఉంది. మిగిలిన తీవ్ర వ్యర్థాలను గాజులో కలిపి తారాపూర్ లాంటి చోట్ల భద్రపరుస్తారు. భూగర్భ గొయ్యి ఇప్పటికి లేదు.

కానీ ఒకసారి మన గుమ్మం దాకా వచ్చింది. కోలార్ బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. చిత్తూరుకి పక్కనే, తెలుగు, తమిళ కుటుంబాలు తరాల తరబడి పనిచేసిన గనులు. ఎనభైలలోనే శాస్త్రవేత్తలు అక్కడ లోతైన గదిలో రాయి వేడికి ఎలా స్పందిస్తుందో ప్రయోగాలు చేశారు. 2012 నవంబర్‌లో కూడంకుళం కేసు విచారణలో వ్యర్థాలకు కోలార్ గనుల పేరు సుప్రీంకోర్టులో వినబడింది. మర్నాటినుంచే ఊరు భగ్గుమంది, బందులు జరిగాయి. కేంద్రం అలాంటి ఆలోచన లేదంది.

కార్ల్స్‌బాడ్, కోలార్ రెండూ గని పోయిన ఊళ్ళే. ఒకటి పిలిచింది, ఇంకోటి తరిమింది. తేడా ధైర్యంలో లేదు. కార్ల్స్‌బాడ్ తనే ముందుకెళ్ళి అడిగింది, కోలార్ పేపరు చూసి తెలుసుకుంది. పైగా కోలార్‌లో చాలామంది జనం ఊళ్ళో బతుకుతూ రోజూ రైలెక్కి బెంగళూరు వెళ్ళి పనిచేసుకుంటున్నారు. మూతపడిన గని బకాయిల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళకి ‘కొత్త ఉద్యోగాలు వస్తాయి’ అనే మాట మీద నమ్మకం ఎక్కణ్ణుంచి వస్తుంది?

కడప జిల్లా తుమ్మలపల్లె కూడా ఇదే కోవలోదా?

కాదు. అది యురేనియం తవ్వే చోటు. అక్కడి తగాదా ఖనిజం తీశాక మిగిలే వ్యర్థపు బురద చెరువు గురించి, చుట్టూ అరటి రైతులు బోరునీళ్ళు పాడయ్యాయంటున్న ఫిర్యాదుల గురించి. రేడియోధార్మికత తక్కువ, పరిమాణం చాలా ఎక్కువ. అయితే ‘ముందు కొలత ఎవరు తీశారు?’ అన్న ప్రశ్న మాత్రం రెండుచోట్లా ఒకటే.

పదివేల ఏళ్ళ తర్వాత అక్కడ ఏముందో ఎవరికి గుర్తుంటుంది?

చట్టం అడిగేది 10,000 ఏళ్ళ భద్రత. దీనికోసం తొంభైలలో భాషావేత్తలు, పురాతత్వవేత్తలు, కళాకారులతో సంఘాలు వేశారు. నేలలోంచి పెద్ద పెద్ద ముళ్ళు పొడుచుకొచ్చినట్టు కట్టడాలు కడదామన్నారు ఒకళ్ళు. చివరికి మట్టి కట్ట, గ్రానైట్ రాళ్ళు, వాటి మీద ఏడు భాషల్లో హెచ్చరిక అనే ప్రణాళిక మిగిలింది. ఐక్యరాజ్యసమితి భాషలు ఆరు, ఏడోది స్థానిక ఆదివాసుల భాష నవహో. మన శాసనాలు రెండువేల ఏళ్ళవే చదవడానికి పండితుడు కావాలి, పదివేల ఏళ్ళ సంగతి మీరే ఊహించుకోండి.

ఎప్పుడు మూసేస్తారు?

మొదట పాతికేళ్ళు అనుకున్నారు. ఇప్పటికి 14,000 పైచిలుకు లోడ్లు వచ్చాయి, కొత్త షాఫ్టు (గనిలోకి దిగే నిలువు బావి) తవ్వారు, కొత్త గదులు తవ్వుతున్నారు. 2023లో పదేళ్ళకు అనుమతి పొడిగించినప్పుడు లాస్ అలమోస్ చెత్తకు ముందు చోటివ్వాలని రాష్ట్రం షరతు పెట్టింది. ఈ శతాబ్దం రెండో సగంలో కూడా నడిచేలా కనిపిస్తోంది. ఊరికి దాని మీద ఫిర్యాదేమీ లేదు, మూత పడటమంటే జీతం ఆగడమే కదా.

గుహలు చూడటానికి వెళ్తే ఇది కనిపిస్తుందా?

దూరంగా ఎడారిలో కొన్ని తెల్ల భవనాలు, తవ్విపోసిన ఉప్పు గుట్ట, అంతే. గుహలకు వెళ్ళే దారిలో కూడా రాదు, ఊరికి అటువైపు అది, ఇటువైపు ఇవి. కానీ హైవే మీద ఎదురు రావచ్చు. లారీ మీద గుండ్రటి తలతో నిలబెట్టిన మూడు లావుపాటి స్టీలు డబ్బాలు కనిపిస్తే అవే. ఒక్కోదానిలో 14 డ్రమ్ములు పడతాయి. వెనక్కి వెళ్ళే లారీ అయితే ఖాళీ.